పర్వతాల ఎత్తుకు ఏది మేలైన సాక్ష్యం: లావా శిలలా, పాత వాన నీరా?

పర్వతశ్రేణి ఎప్పుడు ఎదిగిందో తేల్చడానికి అగ్నిపర్వత శిలల రసాయనం ఒక దారి, పాత నేలల సున్నపు గడ్డల్లో ఆనాటి వాన నీటి నుంచి చేరి మిగిలిన ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు) మరో దారి. భూపటలం మందంగా ఉన్నచోట, లోతులోని పీడనానికి గార్నెట్ అనే ఖనిజం ఏర్పడి యిట్రియం అనే మూలకాన్ని పట్టి ఉంచుతుంది. స్ట్రాన్షియం అనే మరో మూలకాన్ని ఇముడ్చుకునే ప్లాజియోక్లేజ్ ఖనిజం అక్కడ నిలవదు కనుక, పైకి వచ్చే శిలాద్రవంలో స్ట్రాన్షియం–యిట్రియం నిష్పత్తి పెరుగుతుంది. పటలం సుమారు 70 కిలోమీటర్ల మందమున్న మధ్య ఆండీస్‌లో ఈ గుర్తు కనిపిస్తుంది. అయితే ఇది చెప్పేది మందమే. మందమైన పటలం ఎత్తుగా తేలుతుంది కనుక ఎత్తును దాని నుంచి లెక్కగట్టాలి.

ఐసోటోపులు ఎత్తుకు మరింత దగ్గరివి: మేఘం కొండెక్కేకొద్దీ బరువైన ఆక్సిజన్-18 ముందుగా రాలిపోతుంది. కాని వాతావరణం మారితే అవి తప్పుదారి పట్టిస్తాయి. శిలాద్రవానికి ఆ బెడద లేదు. అందుకే అగ్నిపర్వతాలున్న శ్రేణుల్లో, శిథిలం కాని, మధ్యస్థ సిలికా గల లావాలనే ముందుగా పరిశీలించడం మేలని నా అభిప్రాయం.