రక్షణ స్థాయీ సంఘం నివేదికలు, సంసద్ వెబ్‌సైట్: మాజీ సైనికుల ఇళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు తీసుకోబోమని ఆసుపత్రి వాళ్లు తిప్పి పంపినప్పుడల్లా మన మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే లొల్లి. "సర్కార్ పైసలిస్తలేదు" అని ఒకరు, "మొన్ననే బడ్జెట్ పెంచిండ్రు గదా" అని ఇంకొకరు. తమాషా ఏంటంటే ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. అదెట్లనో తేల్చుకునే కాగితాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. అవే పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికలు. వాటిని అందించే సంసద్ డాట్ ఇన్ సైటు ఎట్లా ఉంది, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వాడేవాళ్లకు అది ఎంతవరకు అక్కరకొస్తుంది అన్నదే ఈ సమీక్ష.

ముందు ఆ సంఘం సంగతి. 31 మంది ఎంపీలు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. శాఖలవారీ స్థాయీ సంఘాల పద్ధతి 1993లో మొదలైంది. రక్షణ శాఖ పద్దుల మీద సభలో చర్చే లేకుండా గిలెటిన్ చేసి ఒక్క ఊపులో ఆమోదించిన ఏళ్లు తక్కువేం కాదు. కాబట్టి పైసా పైసా లెక్క అడిగే చోటు ఏదైనా ఉందంటే అది ఈ సంఘమే. సమావేశాలకు బయటివాళ్లను రానివ్వరు. అందువల్ల అక్కడ ఆఫీసర్లు పత్రికల ముందు అననివి కూడా చెప్తారు. 2018 మార్చిలో బయటికొచ్చిన నివేదిక గుర్తుండే ఉంటుంది. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతబడిపోయిందని, 24 శాతం ఇప్పటి కాలానిదని, అత్యాధునికమైనది 8 శాతమేనని అప్పటి ఉప సైన్యాధిపతే సంఘం ముందు చెప్పారు.

సైటులో దారి ఇది: లోక్‌సభ పేజీ, అందులో కమిటీలు, అందులో శాఖలవారీ స్థాయీ సంఘాలు, ఆ జాబితాలో డిఫెన్స్, ఆపైన రిపోర్ట్స్. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. కొత్త లోక్‌సభ రాగానే నివేదికల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. "సంఘం ఐదో నివేదికలో ఉంది" అని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే, అది ఏ లోక్‌సభదో చెప్పకపోతే ఆ ముచ్చటకు అర్థం లేదు. ముందు లోక్‌సభ నంబరు ఎంచుకోవాలి (ఇప్పుడున్నది 18వది), తర్వాతే నివేదిక నంబరు. బడ్జెట్ మీద నివేదికలు సాధారణంగా మార్చిలో, విరామం తర్వాత సభ కూడినప్పుడు వస్తాయి. ఒకటి కాదు, కొన్ని కలిసి వస్తాయి. శీర్షికలు చాంతాడంత ఉంటాయి. వాటిలో మాజీ సైనికుల సంక్షేమం, ఈసీహెచ్‌ఎస్, డిఫెన్స్ పెన్షన్ అన్న మాటలు ఎక్కడున్నాయో చూసి ఆ పీడీఎఫ్ దించుకోవాలి. త్రివిధ దళాల నివేదిక, ఆయుధాల కొనుగోళ్ల నివేదిక వేరే ఉంటాయి. పెన్షన్ కోసం వాటిని తిరగేస్తే పొద్దు పోవుడే.

పద్దులు నాలుగు, అవి ఒంటబట్టాలి. 19వ పద్దు రక్షణ శాఖ సివిల్ ఖర్చు, 20 దళాల రెవెన్యూ ఖర్చు (జీతాలు, రోజువారీ నిర్వహణ), 21 క్యాపిటల్ (ఆయుధాలు, సామగ్రి కొనుగోళ్లు), 22 పెన్షన్లు. 2025-26 బడ్జెట్‌లో మొత్తం 6,81,210 కోట్లు. అందులో దళాల రెవెన్యూ 3,11,732 కోట్లు, క్యాపిటల్ 1,80,000 కోట్లు, పెన్షన్లు 1,60,795 కోట్లు, సివిల్ 28,683 కోట్లు. "జవాన్ల పెన్షన్లే దేశాన్ని తినేస్తున్నాయి" అని టీవీల్లో మాట్లాడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి: 22వ పద్దులో రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగుల పెన్షన్లూ ఉంటాయి. అది యూనిఫాం వేసుకున్నవాళ్ల లెక్క ఒక్కటే కాదు.

ఇక ఈసీహెచ్‌ఎస్. 2023-24లో 5,431 కోట్లు, 2024-25లో 6,968 కోట్లు, 2025-26లో 8,317 కోట్లు. పెరిగింది కదా, మరి ఆసుపత్రి ఎందుకు కార్డు వద్దంటోంది? దీనికి జవాబు నివేదికలోని పట్టికల్లో ఉంటుంది, కానీ పట్టిక చదవడం రావాలి. చూడాల్సినవి నాలుగు: శాఖ ఎంత కావాలని అడిగింది (ప్రొజెక్షన్), మొదట ఎంత ఇచ్చారు (బీఈ), మధ్యలో ఎంతకు సవరించారు (ఆర్‌ఈ), చివరికి నిజంగా ఎంత ఖర్చయింది. పోయినేడు బీఈని ఈయేటి బీఈతో పోల్చి "ఇంత శాతం పెంచాం" అనడం ప్రెస్ నోట్ లెక్క. అసలు చూడాల్సింది అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య తేడా. ఆసుపత్రుల బిల్లులు ఆన్‌లైన్‌లో పరిశీలనకు పోతాయి, మంజూరైనా నిధి ఉంటేనే చెల్లింపు. ఏడాది మధ్యలో నిధి అడుగంటితే బిల్లులు మీదపడతాయి. కొన్ని నెలలు చూసి ఆసుపత్రి "క్యాష్‌లెస్ లేదు, డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోండి" అంటుంది. కొత్త ఏడాది పెంచిన సొమ్ములో కొంత ఆ పాత బాకీలకే పోతుంది. బడ్జెట్ పెరిగినా కౌంటర్ దగ్గర మార్పు కనపడకపోవడానికి ఇదో పెద్ద కారణం. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో గుండె నొప్పితో హైదరాబాద్ దాకా పోయిన మనిషికి అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య ఉన్న ఈ తేడానే అడ్వాన్స్ కట్టమన్న మాటగా ఎదురవుతుంది.

సిబ్బంది కొరతా అట్లాంటిదే. ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌లో డాక్టరు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ అందరూ ఒప్పందం మీద పనిచేసేవాళ్లే. మాజీ సైనికుల సంఖ్యను బట్టి పాలీక్లినిక్‌లను ఏ, బీ, సీ, డీ రకాలుగా విడదీశారు, పోస్టులూ ఆ లెక్కనే. ఇచ్చే జీతానికి జిల్లా కేంద్రంలో స్పెషలిస్టు దొరకడం కష్టం. పోస్టు ఉన్నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. కాబట్టి నివేదికలో మంజూరైన పోస్టుల సంఖ్య దగ్గరే ఆగిపోవద్దు, పక్కన భర్తీ అయినవెన్నో చూడాలి. దళాల విషయంలోనూ అంతే. వాయుసేనకు 42 ఫైటర్ స్క్వాడ్రన్లు మంజూరై ఉన్నాయని ప్రతి నివేదికా చెప్తుంది, ఉన్నవి ఎన్ని అన్నదే ప్రతిసారీ గొడవ.

ప్రతి నివేదిక రెండు భాగాలు. మొదటిది వివరణ: సంఘం అడిగిన ప్రశ్న, శాఖ రాసిచ్చిన జవాబు. రెండోది సిఫారసులు. ఓపిక లేనివాళ్లు రెండో భాగం చదివి ఊరుకుంటారు, పత్రికలవాళ్లూ అంతే. అసలు రుచి మొదటి భాగంలోనే ఉంది, ఎందుకంటే శాఖ ఏ ప్రశ్నకు సూటిగా చెప్పింది, ఏ ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబిచ్చింది అక్కడే తెలుస్తుంది. చివర జతచేసిన మినిట్స్‌లో (సమావేశాల రికార్డులో) అక్కడక్కడా వరుసగా నక్షత్రాలు కనపడితే కంగారు పడొద్దు. చాలాసార్లు ఆ భాగం ఈ నివేదికకు సంబంధించింది కాదని గుర్తు, అంతే.

సైటులో అన్నిటికన్నా విలువైనది, ఎవరూ తెరవనిది, చర్యల నివేదిక (యాక్షన్ టేకెన్ రిపోర్ట్). సిఫారసులకు శాఖ మూడు నెలల్లో జవాబివ్వాలి. ఆ జవాబులను సంఘం జల్లెడ పట్టి మళ్లీ ఒక నివేదిక ఇస్తుంది. ఇందులో ఐదు అధ్యాయాలు: ఒకటి సంఘం మాట, రెండోది ప్రభుత్వం ఒప్పుకున్నవి, మూడోది జవాబు చూశాక సంఘం వదిలేసినవి, నాలుగోది జవాబు నచ్చక సంఘం మళ్లీ పట్టుబట్టినవి, ఐదోది ఇంకా పూర్తి జవాబు రానివి. చదవాల్సింది నాలుగు, తర్వాత ఐదు. రెండో అధ్యాయంలో చేరిందంటే పని అయిపోయిందని కాదు. "పరిశీలిస్తున్నాం", "చర్యలు తీసుకుంటున్నాం" అన్న జవాబులు కూడా అందులో కూర్చుంటాయి. ఉదాహరణకు 2024 ఫిబ్రవరిలో సంఘం రెండు పెద్ద మాటలు చెప్పింది. డ్యూటీలో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి రెగ్యులర్ సైనికుడి కుటుంబంతో సమానంగా ప్రయోజనాలివ్వాలని, ఎక్స్‌గ్రేషియాను ఒక్కో కేటగిరీలో 10 లక్షలు పెంచి కనిష్ఠం 35 లక్షలు, గరిష్ఠం 55 లక్షలు చేయాలని. ఇది ఆ రోజు అన్ని పేపర్లలో వచ్చింది, చాలామంది జీవో వచ్చేసిందనే అనుకున్నారు. సంఘం మాట సలహా మాత్రమే, ఉత్తర్వు కాదు. ఏమైందో తెలియాలంటే తర్వాతి చర్యల నివేదిక తీయక తప్పదు.

ఇప్పుడు లోపాలు. తెలుగు లేదు. లోక్‌సభ చర్చలకు తెలుగు అనువాదం వినిపిస్తున్నారు గానీ నివేదికలు మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే. పాతవి కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, మాట వెతికితే దొరకదు, పేజీలు తిప్పాల్సిందే. ఫోన్‌లో ఆ పట్టికలు చదవడం కంటికి శిక్ష. క్లాక్‌టవర్ దగ్గర ఏ జిరాక్స్ సెంటర్లోనో మీకు కావలసిన అధ్యాయం ఒక్కటి ప్రింటు తీయించుకోండి, మొత్తం నివేదిక తీయిస్తే దండగ. ఇంకోటి, రాష్ట్రం ఇచ్చేవి ఇందులో ఉండవు. గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 5 కోట్ల వంటివి ఇక్కడ వెతికితే దొరకవు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ఖర్చు మాత్రం కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకుంటాయి కాబట్టి కేంద్ర భాగం గురించి అడగొచ్చు.

అదే సైటులో ప్రశ్నలు, జవాబుల విభాగం పర్వాలేదు. శాఖ పేరుతో వెతికితే వచ్చేస్తుంది. లోక్‌సభలో రక్షణ శాఖ వంతు శుక్రవారం. రోజుకు నక్షత్ర ప్రశ్నలు (సభలో నోటితో జవాబిచ్చేవి) 20, నక్షత్రం లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230. జవాబు పొట్టిగా ఉంటుంది, వివరం అనుబంధంలో ఉంటుంది, కాబట్టి పీడీఎఫ్ చివరి దాకా పోవాలి. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీల ఆఫీసులకు వినతిపత్రం ఇచ్చేవాళ్లు "మా సమస్యలు పరిష్కరించగలరు" అని రాస్తే అది ఫైల్లోనే ఉంటుంది. ప్రశ్న రూపంలో రాసివ్వండి: ఫలానా పాలీక్లినిక్‌లో మంజూరైన డాక్టర్ పోస్టులెన్ని, గత మూడేళ్లలో ఏటా ఖాళీలెన్ని, ఎంప్యానెల్ (ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న) ఆసుపత్రులకు బకాయి ఎంత. 150 పదాలు దాటొద్దు, నోటీసు 15 రోజుల ముందు చేరాలి. ఒక్క మనిషి పెన్షన్ కేసు ఇందులో పెట్టకండి. దానికి రక్షణ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో గ్రీవెన్స్, కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉన్నాయి.

ప్రభుత్వ ఖర్చుల ఆడిట్ చేసే కాగ్ నివేదికలు వేరే సైటులో ఉంటాయి. స్థాయీ సంఘం రాబోయే ఖర్చు చూస్తుంది, కాగ్ అయిపోయిన ఖర్చు తవ్వుతుంది. ఈసీహెచ్‌ఎస్ మీద 2015 నాటి 51వ నంబరు నివేదిక పాతదే అయినా, బిల్లుల పరిశీలన ఎక్కడ తప్పుతుందో అర్థం కావడానికి ఇప్పటికీ అంతకన్నా మంచి పాఠం లేదు.

మార్కులు వేయమంటే సమాచారానికి పదికి ఎనిమిది, సైటు వాడకానికి నాలుగు, తెలుగుకు సున్నా.

సంఘం కొత్త విషయం పరిశీలనకు తీసుకున్నప్పుడు పత్రికా ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు పిలవడం ఉంది. ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ రాసి పంపాలి. మన జిల్లా సంఘాలు ఆ అవకాశం వదులుకోకూడదు. ఒక్క జాగ్రత్త: పంపిన మెమోరాండం సంఘం రికార్డులో చేరుతుంది, దాన్ని గోప్యంగా ఉంచాలి. పంపిన సాయంత్రమే ఫోటో తీసి గ్రూపులో పెట్టొద్దు.