పాత పెద్ద డిష్‌: సీ బ్యాండ్‌కే ఉంచాలా, కేయూ ఎల్ఎన్‌బీ బిగించాలా, స్తంభం మాత్రం మిగుల్చుకోవాలా?

ఎనిమిది అడుగుల, అంటే సుమారు 2.4 మీటర్ల పాత డిష్‌ను మళ్లీ పనిలో పెట్టడానికి మూడు దారులున్నాయి. పాత సీ బ్యాండ్ (4 గిగాహెర్ట్జ్ దగ్గరి ఉపగ్రహ తరంగాలు) ఎల్ఎన్‌బీ, అంటే డిష్ పోగుచేసిన సిగ్నల్‌ను అందుకుని కేబుల్‌లోకి పంపే పరికరం, తీసేసి కొత్త సీ బ్యాండ్ ఎల్ఎన్‌బీ పెట్టుకోవడం ఒకటి. డీటీహెచ్ సర్వీసులు ఎక్కువగా వాడే కేయూ బ్యాండ్ ఎల్ఎన్‌బీని ఆ డిష్ ఫోకస్‌లో బిగించడం రెండోది. డిష్‌ను దించేసి, దాని స్తంభానికి 60 సెంటీమీటర్ల చిన్న డిష్ తగిలించడం మూడోది.

అందరూ ముందు అడిగేది రెండోదాని గురించే. ఇంత పెద్ద డిష్ ఉండగా చిన్నది ఎందుకు కొనాలి? తేల్చేది సైజు కాదు, లోపలి ముఖం వంపు ఎంత సరిగ్గా ఉందన్నది.

3 మిల్లీమీటర్లు చేసే నష్టం

4 గిగాహెర్ట్జ్ దగ్గర సీ బ్యాండ్ తరంగం పొడవు 7.5 సెంటీమీటర్లు. 12 గిగాహెర్ట్జ్ దగ్గర కేయూ తరంగం 2.5 సెంటీమీటర్లే. డిష్ ముఖం అసలు ఉండాల్సిన వంపు నుంచి సగటున 3 మిల్లీమీటర్లు అటూఇటూ అయితే సీ బ్యాండ్‌లో పోయేది సుమారు 1 డీబీ (డెసిబెల్; 3 తగ్గితే సిగ్నల్ బలం సగమైనట్టు). అదే డిష్ మీద కేయూలో దాదాపు 10 డీబీ పోతుంది.

లోపం లేని 2.4 మీటర్ల డిష్‌కు కేయూలో గెయిన్ (సిగ్నల్‌ను పోగుచేసి పెంచే శక్తి) 48 డీబీ దరిదాపుల్లో ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్‌కు సుమారు 36. పెద్దదానిలోంచి ఆ 10 డీబీ తీసేస్తే మిగిలేది 38, అంటే 75 సెంటీమీటర్ల మామూలు డిష్ ఇచ్చేంత. పైగా అంత బరువు, అంత గాలి దెబ్బ. పలకలు పలకలుగా కలిపి బిగించిన పాత డిష్‌లలో 3 మిల్లీమీటర్ల తేడా అరుదేమీ కాదు.

జాలీ డిష్ అయితే ఇంకో చిక్కు. రంధ్రం తరంగం పొడవులో పదో వంతు కన్నా చిన్నగా ఉండాలి. సీ బ్యాండ్‌కు 7 మిల్లీమీటర్ల వరకు చెల్లుతుంది, కేయూకు 2.5 దాటకూడదు. చిటికెన వేలు కొస దూరే జాలీ మీద కేయూ ఆశ పెట్టుకోవద్దు: సిగ్నల్‌లో కొంత వెనక్కి జారిపోతుంది, వెనకనున్న నేల వేడి రొదగా లోపలికి వస్తుంది.

ముందు దారంతో పరీక్ష

ఏ దారి పట్టాలో తేల్చేది ఇదే. అంచు మీద ఎదురెదురుగా నాలుగు బిందువులు గుర్తు పెట్టి, రెండు సన్నని నైలాన్ దారాలు బిగించి, మధ్యలో కూడలిలా దాటించండి. దారాలు ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఉండాలి. మధ్యలో సందు కనిపిస్తే అంచు జీను ఆకారంలో మెలి తిరిగినట్టే. ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నా అదే లోపం, దిశ మాత్రం వేరు. అందుకే పై దారాన్ని కిందికి, కింది దారాన్ని పైకి మార్చి మళ్లీ చూడాలి. తేడా ఉంటే వెనక బోల్టులు వదులు చేసి, అంచును లాగి, మళ్లీ బిగించాలి. రేకుకు సొట్టలు పడి ఉంటే దారం వాటిని పట్టదు. అట్టముక్కను డిష్ వంపుకు తగ్గట్టు కోసి, మధ్య నుంచి అంచు దాకా గిర్రున తిప్పి చూస్తే ఎక్కడ సందు పడుతోందో తెలుస్తుంది.

దారం ఉండగానే మధ్య లోతు కూడా కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు 16 రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది. వ్యాసం 240, లోతు 40 సెంటీమీటర్లయితే 57,600ను 640తో భాగించాలి: 90 సెంటీమీటర్లు. దాన్ని వ్యాసంతో భాగిస్తే 0.375. ఎఫ్/డి అనేది ఈ అంకెనే. ఎల్ఎన్‌బీ ఎంపిక దీని మీదే నిలబడుతుంది.

సీ బ్యాండ్‌కే ఉంచితే

డిష్ పుట్టిన పని ఇదే కాబట్టి దీనికి తక్కువ మార్పులు చాలు. చిన్న డిష్‌తో ఇది కుదరదు కూడా: 75 సెంటీమీటర్ల డిష్ 4 గిగాహెర్ట్జ్‌లో 7 డిగ్రీల వెడల్పున చూస్తుంది, పక్కపక్కన 2, 3 డిగ్రీల దూరంలో ఉన్న ఉపగ్రహాలన్నీ కలగాపులగంగా వచ్చి పడతాయి. 2.4 మీటర్లది సుమారు 2.2 డిగ్రీలే చూస్తుంది.

పాత ఫీడ్‌హార్న్‌లో (తరంగాన్ని ఎల్ఎన్‌బీకి అందించే గొట్టం) పోలరైజేషన్, అంటే తరంగం అడ్డంగానో నిలువుగానో ఊగే దిశ, తిప్పడానికి చిన్న మోటారు ఉంటుంది. దానికి మూడు తీగలు, పాత రిసీవర్ ఇచ్చే పల్సులు కావాలి. కొత్త రిసీవర్లు ఆ పని చేయవు, 13 లేదా 18 వోల్టులు పంపి పోలరైజేషన్ మారుస్తాయి. కాబట్టి ఫీడ్‌హార్న్, ఎల్ఎన్‌బీ కలిసి ఉన్న కొత్త ముక్క పెట్టండి. రిసీవర్‌లో లోకల్ ఆసిలేటర్ (ఎల్ఎన్‌బీ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని దించడానికి వాడే అంకె, మెగాహెర్ట్జ్‌లో) 5150 అని ఇవ్వాలి. హార్న్ మెడ చుట్టూ ఉండే గాడుల పళ్లెం, స్కేలార్ రింగ్‌ను, ఎఫ్/డి అంకెకు జరపాలి. ఫోకస్ బిందువు హార్న్ మూతికి అర సెంటీమీటరు లోపల పడాలి. వృత్తాకార పోలరైజేషన్ (తరంగం గిర్రున తిరుగుతూ వచ్చేది) ఉన్న ఉపగ్రహమైతే హార్న్ గొంతులో విద్యుత్తు పారని చిన్న (డైఎలక్ట్రిక్) పలకను 45 డిగ్రీల వాలులో దూర్చాలి. లేకపోతే సుమారు 3 డీబీ ఊరికే పోతుంది.

‘అప్పట్లో బాగానే వచ్చింది’ అన్న ధీమా వద్దు. ఇప్పటి డిజిటల్ ప్రసార పద్ధతి డీవీబీ-ఎస్2లో సిగ్నల్ రొద కన్నా, 8పీఎస్‌కే 3/4 అనే రకానికి దాదాపు 8 డీబీ, ఇంకా చిక్కగా డేటా పంపే 32ఏపీఎస్‌కే 3/4కు దాదాపు 13 డీబీ ఎక్కువ ఉండాలి. అనలాగ్ బొమ్మ చుక్కలతోనైనా కనిపించేది. ఇక్కడ అర డీబీ తగ్గితే తెర నల్లబడుతుంది.

సీ బ్యాండ్‌కు అసలు శత్రువు వాన కాదు, సెల్ టవర్. చాలా దేశాల్లో 3.3 గిగాహెర్ట్జ్ నుంచి పైకి కొంత భాగం 5జీకి పోయింది. అమెరికాలో 3.7 నుంచి 3.98 దాకా మొబైల్‌కు ఇచ్చారు, ఉపగ్రహాలకు 4.0 నుంచి 4.2 మిగిలింది. దగ్గర్లో టవర్ ఉంటే ఎల్ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరై, ఆ ఫ్రీక్వెన్సీలో లేని చానెళ్లు కూడా పోతాయి. ఫిల్టర్‌ను ఎల్ఎన్‌బీ తర్వాత కేబుల్‌లో పెడితే ఫలితం ఉండదు, ముందే, ఫీడ్‌కూ ఎల్ఎన్‌బీకీ మధ్య ఉండాలి. రెండూ కలిసి ఉన్న ముక్కయితే ఫిల్టర్ లోపలే ఉన్నది చూసుకోవాలి.

కేయూ ఎల్ఎన్‌బీ పెడితే

డిష్ గట్టి రేకుదై, దారం పరీక్షలో మిల్లీమీటరు లోపు తేడా వచ్చి ఉంటేనే ఇది చదవండి.

చిన్న డిష్‌లకు వచ్చే ఎల్ఎన్‌బీ సుమారు 0.6 ఎఫ్/డికి చేసినది. దాని చూపు సన్నం. 0.375 ఉన్న లోతైన డిష్‌లో అది మధ్యలోని ఒకటిన్నర మీటరు మేరకే చూస్తుంది, మిగతా అంచు వృథా. వింతేమిటంటే, అంచులు మెలి తిరిగి మధ్యభాగం బాగున్న డిష్‌కు ఇదే కలిసొస్తుంది. మొత్తం ముఖం వాడుకోవాలంటే ప్రైమ్ ఫోకస్ డిష్‌ల (ఇలా ఎల్ఎన్‌బీ సరిగ్గా మధ్యకు ఎదురుగా ఉండేవాటి) కోసం చేసిన, వెడల్పు కోణం హార్న్ ఉన్న కేయూ ఎల్ఎన్‌బీ కావాలి. యూనివర్సల్ రకానికి ఆసిలేటర్లు 9750, 10600. 11.7 గిగాహెర్ట్జ్ పైన రిసీవర్ నుంచి 22 కిలోహెర్ట్జ్ టోన్ (ఎల్ఎన్‌బీని రెండో ఆసిలేటర్‌కు మార్చే సంకేతం) వెళ్లాలి.

హార్న్ నుంచి అంచు మీది మూడు బిందువులకు దూరం కొలిస్తే తేడా 3 మిల్లీమీటర్లు మించకూడదు. గురి సంగతి మరీ కఠినం. 12 గిగాహెర్ట్జ్‌లో ఈ డిష్ చూపు 0.7 డిగ్రీలే. అర డిగ్రీ పక్కకు జరిగితే 5 డీబీకి పైగా పోతుంది, 60 సెంటీమీటర్ల డిష్‌కు అదే తప్పు అర డీబీ కూడా ఖర్చు కాదు. డిష్‌ను తిప్పే మోటారు చేయి, అంటే యాక్చుయేటర్, దాని కీలు అరిగి ఊగుతుంటే గాలి వీచినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా చిట్లేది ఇందుకే. ఒకే ఉపగ్రహం చాలనుకుంటే యాక్చుయేటర్ తీసేసి ఇనుప కడ్డీతో బిగించేయడం నయం.

రంగు విషయం కూడా. నున్నగా మెరిసే రంగు వేస్తే, ఏడాదికి రెండుసార్లు సూర్యుడు ఉపగ్రహం వెనకకు వచ్చే రోజుల్లో ఎండంతా ఫోకస్‌లో చేరి ఎల్ఎన్‌బీ మూతను కరిగిస్తుంది. మెరుపు లేని రంగు, పలచగా.

ఇంత చేసి దక్కేదేమిటి? బీమ్ (ఉపగ్రహం సిగ్నల్ పడే ప్రాంతం) అంచున మనకు బలహీనంగా అందే ఉపగ్రహాలు, జడివానలో కూడా మిగిలే 8, 10 డీబీ. మీ ప్రాంతాన్నే ఉద్దేశించిన డీటీహెచ్‌కు ఇదంతా దండగ: సిగ్నల్ సరిపోయాక ఎంత పెంచినా బొమ్మ అదే. పాత డిష్ వాడినంత మాత్రాన చందా, బాక్సు, కార్డు తప్పవు. సర్వీసు రెండు మూడు ఉపగ్రహాల నుంచి వస్తుంటే ఇంకా కష్టం. 90 సెంటీమీటర్ల ఫోకస్ దగ్గర 9 డిగ్రీల దూరానికి ఎల్ఎన్‌బీని 14 సెంటీమీటర్లు పక్కకు పెట్టాలి, అంత లోతైన డిష్‌లో పక్కచూపుకు చాలా నష్టం.

స్తంభం మిగుల్చుకుంటే

ఒకే డీటీహెచ్ చాలనుకునేవారికి మా ఓటు దీనికే. 2.4 మీటర్ల డిష్ వైశాల్యం నాలుగున్నర చదరపు మీటర్లు, 60 సెంటీమీటర్లదానికి 16 రెట్లు. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో గట్టి రేకు డిష్ మీద 200 కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. దాన్ని తట్టుకోవడానికి పాతిన స్తంభం, కాంక్రీటు చిన్న డిష్‌కు రాజభోగమే.

చిక్కు ఒక్కటే, పాత స్తంభం లావు. చిన్న డిష్ క్లాంపు పట్టేది సుమారు 4, 5 సెంటీమీటర్ల గొట్టాన్ని. తగిన గొట్టాన్ని స్తంభం లోపలికి ఓ అడుగు దింపి, రెండు ఎత్తుల్లో మూడేసి బోల్టులతో నడిమికి బిగించండి. రసమట్టం రెండు పక్కలా పెట్టి నిలువు సరిచూడాలి. వాలి ఉంటే క్లాంపు మీది ఎత్తు కోణం అంకెలు అబద్ధం చెబుతాయి. పైన మూత బిగించకపోతే నీరు చేరి లోపలి నుంచి తుప్పు తింటుంది. పాత కేబుల్ మీద మోజు వద్దు, ఆర్‌జీ 6 కొత్తది లాగండి. కనెక్టర్‌లో పచ్చటి చిలుము కనిపిస్తే నీళ్లు అల్లికలోకి ఎంతో దూరం పాకి ఉంటాయి.

రెండూ కావాలంటే పెద్ద డిష్‌ను సీ బ్యాండ్‌కు ఉంచి, అదే స్తంభానికి నడుము ఎత్తున చిన్నదాన్ని తగిలించవచ్చు. బిగించే ముందు పెద్ద డిష్‌ను తూర్పు కొస నుంచి పడమర కొసకు ఒకసారి పూర్తిగా తిప్పి చూడండి, కింది అంచు చిన్న డిష్ చేతిని తాకకూడదు, దాని చూపుకు అడ్డం రాకూడదు.