ఫోన్‌లో పిల్లల డాక్టరు: లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా మా వాడకం

పిల్లల డాక్టరుకి వీడియో కాల్‌లో చూపించుకోవడం మేం 2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టాం. ఇప్పటికీ వాడుతున్నాం. మాది నరసరావుపేట. బాబుకి అప్పుడు మూడేళ్ళు. జలుబు చేస్తే చాలు, ఆయాసంలోకి దిగిపోతాడు. పుట్టినప్పటి నుంచి వాణ్ణి చూస్తున్న డాక్టరు గారు గుంటూరులో ఉంటారు. మామూలు రోజుల్లో అయితే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. ఆ ఏప్రిల్‌లో మా ఊరు రెడ్ జోన్. వీధి చివర బారికేడ్లు, కూరగాయలకి కూడా టైము. వాడు దగ్గితే ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఇది ఎప్పుడూ వచ్చే దగ్గేనా, కరోనానా అని ఒక భయం. హాస్పిటల్‌కి తీసుకెళ్తే లేనిది అక్కడ అంటుకుంటుందేమోనని ఇంకో భయం.

ఇన్నేళ్ళ వాడకం తర్వాత నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోన్‌లో వైద్యం పిల్లలకి బాగానే పనికొస్తుంది. కానీ ఆ డాక్టరు అంతకు ముందు బిడ్డని చేత్తో పట్టి చూసి ఉండాలి, ఇవతల మనకి ఏం చూడాలో, ఏం చెప్పాలో తెలిసి ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా విలువైన గంటలు పోతాయి. కింద రాసేదంతా ఆ రెండో విషయం గురించే ఎక్కువ, ఎందుకంటే అది మన చేతిలో ఉన్నది.

చట్టం సంగతి క్లుప్తంగా. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు ముందు ఫోన్‌లో మందు రాస్తే చెల్లుతుందా లేదా అని డాక్టర్లకే అనుమానం ఉండేది. వాటి ప్రకారం పిల్లల విషయంలో పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, ఆ పెద్దవాళ్ళెవరో డాక్టరు తెలుసుకోవాలి. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఈ నంబరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మందుల షాపులో వాట్సాప్ చీటీ చూసి "ఇది చెల్లదమ్మా" అన్నప్పుడు మాకు అదే అక్కరకొచ్చింది.

డబ్బు పెట్టుకోలేని వాళ్ళ కోసం ప్రభుత్వ సేవలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. మన రాష్ట్రంలో 14410 నంబరు 2020 ఏప్రిల్ 13న మొదలైంది. మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ళే తిరిగి చేసి, వివరాలు రాసుకుని, డాక్టరుతో మాట్లాడించేవారు. కేంద్రం వారి ఈ-సంజీవని ఓపీడీ కూడా అదే రోజు మొదలైంది. ఓటీపీ, టోకెన్, తర్వాత వీడియోలో డాక్టరు, చివర్లో డౌన్‌లోడ్ చేసుకునే చీటీ. పైసా ఖర్చు లేదు. మా డాక్టరు గారు దొరకని రోజుల్లో, మామూలు జలుబు, విరేచనాలు లాంటి వాటికి మేం ఉచిత సేవే వాడుకున్నాం. వాంతులు, విరేచనాలు ఉన్న పిల్లాడికి ఓఆర్ఎస్ ఎలా పట్టాలో, జింక్ ఎన్ని రోజులు వేయాలో ఓపిగ్గా చెప్పారు. దేశంలో ఈ-సంజీవని బాగా ఎక్కువగా వాడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కావడం నాకేమీ ఆశ్చర్యం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటి కాల్‌లో డాక్టరు గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న జ్వరం గురించి కాదు. "ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నాడో లెక్కపెట్టి చెప్పమ్మా" అన్నారు. ఎలా లెక్కపెట్టాలో కూడా ఆయనే నేర్పారు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు కాదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది. చొక్కా పైకెత్తి, పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. పదిహేను సెకన్లు చూసి నాలుగు పెట్టి హెచ్చవేయకూడదు, నిమిషం పూర్తిగా చూడాలి, ఎందుకంటే పిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు పాపాయికి 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఆ అంకెకు చేరినా, దాటినా అది వేగంగా ఊపిరి తీయడం కిందే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి, ఆశా కార్యకర్తలకి నేర్పేది కూడా ఇవే. ఇవి ప్రతి తల్లికీ తెలియాల్సిన అంకెలు. నాకైతే డాక్టరు గారు చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

రెండోది డొక్కలు ఎగరడం. పక్కటెముకల కింద చర్మం ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి గుంజుకుంటుంటే ఇక ఫోన్ పక్కన పెట్టి బయలుదేరాల్సిందే. మా అత్తయ్య గారికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. "డొక్కలెగరేస్తున్నాడు, నెమ్ము చేసింది" అని ఊళ్ళో పెద్దవాళ్ళు అనే మాటే ఇది. డాక్టరు గారు కూడా వాడికి ఒంట్లో బాగాలేదని కాల్ చేస్తే ముందు ఆవిడనే పిలిచి అడిగేవారు.

వీడియో కాల్‌కి ఒక పెద్ద లోపం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మనం మాట్లాడే గొంతు స్పష్టంగా వినిపించడానికి ఈ యాప్‌లు వెనకాల ఉండే సన్నటి శబ్దాల్ని తీసేస్తాయి. ఫ్యాను చప్పుడుతో పాటు మా వాడి పిల్లికూతలు కూడా పోయేవి! నా చెవికి స్పష్టంగా వినిపిస్తున్నది ఆయనకి వినిపించేది కాదు. దానికి ఉపాయం ఏమిటంటే, కాల్‌కి ముందే ఫోన్ కెమెరాతో అర నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం. చొక్కా తీసేసి, కిటికీ వెలుగు ఒంటి మీద పడేలా పడుకోబెట్టి, గొంతు దగ్గర నుంచి బొడ్డు దాకా కనిపించేలా, ఫ్యాను ఆపి, ఫోన్ కదపకుండా తీయాలి. పసుపు రంగు బల్బు కింద తీస్తే పెదవుల రంగు తెలియదు. రాత్రిపూట అయితే తెల్లటి లైటు. నెట్‌వర్క్ సరిగ్గా లేని ఊళ్ళలో అయితే ఈ పద్ధతి ఒక్కటే దారి. కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోయినా, వీడియో ఆయన దగ్గర ఉంటుంది, మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు.

బరువు సంగతి. ఇంట్లో తూకం మిషన్ లేని వాళ్ళు ఒకటి కొనుక్కోండి. పిల్లల మందు డోసు అంతా బరువు మీదే నడుస్తుంది. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు అనుకుంటే, 12 కిలోల పిల్లాడికి ఒకసారికి 180. కానీ మన షాపుల్లో సిరప్ రెండు రకాలుగా దొరుకుతుంది: 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములు ఉండేది, 250 ఉండేది. అదే బిడ్డకి మొదటిది ఏడున్నర ఎంఎల్ పట్టాలి, రెండోది మూడున్నర పైచిలుకు. ఫోన్‌లో "ఒక మూత పట్టు" అనే డాక్టరు దగ్గర నేనైతే ఆగి అడుగుతాను. సీసా మీద లేబుల్ ఫోటో తీసి పంపి, ఎంఎల్ లెక్కలో రాయించుకోండి. స్టీలు చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, సీసాతో వచ్చే కొలత మూతో, సిరంజో వాడండి.

ఫోన్ వైద్యం హాస్పిటల్ కంటే మెరుగ్గా పనిచేసిన సందర్భం కూడా ఒకటి చెప్పాలి. కరోనా కాలంలో నెబ్యులైజర్ (మందుని పొగలా చేసి పీల్పించే మిషన్) పొగతో వైరస్ గది అంతా వ్యాపిస్తుందన్న అనుమానంతో, వీలైనంత వరకు ఇన్‌హేలరు, స్పేసరు వాడమన్నారు డాక్టర్లు. స్పేసర్ అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, చిన్న పిల్లలకి చివర మాస్క్ ఉంటుంది. హాస్పిటల్లో అయితే నర్సు ఒకసారి చూపించి పంపేస్తుంది. వీడియోలో మాత్రం మా ఇంట్లో, మా మంచం మీద, మా వాడు మొహం తిప్పుకుంటుంటే నేను ఎలా పెడుతున్నానో డాక్టరు గారు చూస్తూ ఉన్నారు. "మాస్క్ ముక్కు పక్కన లేస్తోందమ్మా, మందంతా బయటికే పోతోంది" అని పట్టుకున్నారు. ముందు ఇన్‌హేలర్ బాగా ఊపడం, ఒకసారికి ఒకే పఫ్, మాస్క్ తీయకుండా ఐదారు ఊపిర్లు, తర్వాత మళ్ళీ ఊపి రెండో పఫ్. స్పేసర్‌ని గిన్నెల సబ్బు నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే గొట్టం లోపల మందు అంటుకుపోతుంది. ఈ కాస్త సర్దుబాటుతో వాడి ఆయాసం ఎంత తగ్గిందో చెప్పలేను. పల్నాడు ఎండల్లో, దుమ్ములో ఆ గొట్టం మా ఇంటి మనిషిలా అయిపోయింది.

2021 మే నెల సంగతి వేరు. అప్పుడు రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పొద్దున ఆరింటి దాకా కర్ఫ్యూ. ఇంట్లో మా వారికి, నాకు పాజిటివ్. ఒక రాత్రి బాబుకి జ్వరంతో పాటు ఆయాసం. ఆక్సిమీటరు పెద్దవాళ్ళది, వాడి వేలికి వదులుగా ఉండి అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. బొటనవేలికి పెట్టి, చెయ్యి కదలకుండా పట్టుకుంటే అప్పుడు నిలబడింది. 91. వీడియో తీసి పంపాను. డాక్టరు గారు చూసి వెంటనే ఫోన్ చేశారు. "మాట్లాడుకునే టైము లేదు, ఇన్‌హేలరు పఫ్‌లు ఇస్తూ బయలుదేరండి" అన్నారు. దారిలో చెక్‌పోస్టులో చూపించడానికి అని లెటర్‌ప్యాడ్ మీద రెండు లైన్లు రాసి ఫోటో పంపారు. పోలీసులు ఆ ఫోటో చూసి వెంటనే వదిలేశారు. మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో రిపోర్టు లేకుండా లోపలికి రానివ్వం అన్నారు. పిల్లాడు డొక్కలెగరేస్తుంటే గేటు దగ్గర కాగితం అడిగారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. రెండో చోట, మా డాక్టరు గారే ముందుగా ఫోన్ చేసి చెప్పి ఉంచారు కాబట్టి, దించగానే ఆక్సిజన్ పెట్టారు.

ఇక్కడే నాకు అర్థమైంది, ఫోన్ డాక్టరులో మనం వెతకాల్సింది ఏమిటో. మందు రాయడం ఎవరైనా రాస్తారు. "నా వల్ల కాదు, వెళ్ళండి, ఫలానా చోటికి వెళ్ళండి, నేను చెప్పి ఉంచుతాను" అనేవాళ్ళు కావాలి. ఇంటికి వచ్చాక కూడా ఆయనే గుర్తు పెట్టుకుని కాల్ చేశారు. కరోనా తగ్గిన కొన్ని వారాల తర్వాత కొందరు పిల్లలకి ఒంటి లోపలి భాగాలకి వాపు చేసే జబ్బు ఒకటి వస్తుందని, మూడు రోజులు దాటిన జ్వరం, కళ్ళు ఎర్రబడటం, ఒంటి మీద దద్దుర్లు, కడుపు నొప్పి ఉంటే ఆగొద్దని చెప్పారు. అదృష్టం కొద్దీ అవేవీ రాలేదు.

డబ్బు కట్టి వాడిన యాప్‌ల గురించి: ముఖం తెలియని డాక్టరు, నిమిషాల లెక్క. ఒక యాప్‌లో అయితే వాడి చొక్కా తీయించి చూడకుండా, బరువు అడక్కుండా, జలుబుకి యాంటీబయాటిక్ రాసి కాల్ ముగించారు. ఆ మందు మేం కొనలేదు. అందరూ అలాంటి వాళ్ళని అనను. కానీ బరువు అడగని డాక్టరు చీటీ మీద పిల్లాడికి మందు పట్టను.

ఫోన్‌లో కానివి కొన్ని ఉన్నాయి, వాటి కోసం ప్రయత్నించి టైము పోగొట్టుకోవద్దు. చెవి నొప్పి, ఎందుకంటే లోపల లైటు వేసి చూస్తే గానీ తెలియదు. మూడు నెలల లోపు పాపాయికి ఏ జ్వరమైనా సరే. ఫిట్స్, మత్తుగా పడుండటం, ఏమీ తాగకపోవడం. డెంగీ సీజన్‌లో జ్వరం తగ్గిన పూట కడుపు నొప్పి, ఆగని వాంతులు. వీటికి 108, లేకపోతే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి. టీకాలు కూడా ఫోన్‌లో కావు కదా! కరోనా భయంతో చాలామంది తల్లులు టీకాలు వాయిదా వేశారు. మా వాడికి ఐదేళ్ళ డీపీటీ బూస్టరు గుర్తు చేసి వేయించింది మాత్రం సచివాలయం ఏఎన్ఎం అమ్మాయే.

ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు. ఆయాసం బాగా తగ్గింది. మధ్యలో దగ్గు వచ్చినా, రిపోర్టు చూపించాలన్నా, బడిలో ఆటలకి పంపవచ్చా అని అడగాలన్నా వీడియో కాలే. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డోసు తగ్గించాలంటే మాత్రం డాక్టరు గారు ఫోన్‌లో ఒప్పుకోరు. మూడు నెలలకోసారి తీసుకురమ్మంటారు. ఛాతీ వినాలి, బరువు తూచాలి, ఆ మందు వాడే పిల్లల ఎదుగుదల గమనించాలి కాబట్టి గోడకి నిలబెట్టి ఎత్తు కొలవాలి. ఈసారి గుంటూరు వెళ్ళేటప్పుడు స్పేసర్ కూడా పట్టుకెళ్తున్నాం. వాడిప్పుడు పెద్దాడయ్యాడు కాబట్టి మాస్క్ తీసేసి నోటితో పట్టుకునేది మార్చుకోవచ్చన్నారు. అది ఎలా పట్టాలో ఎదురుగా కూర్చోబెట్టి నేర్పుతారట.