కాలనీకి ముందు ఏది కావాలి: కెమెరానా, వీధి దీపమా, బీటు కానిస్టేబులా?

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడితే కార్పొరేటర్ గారు వచ్చారు. అప్పటికి పది రోజుల ముందే పక్కింటి అత్తయ్యగారి మెడలో గొలుసు తెంపుకుపోయారు, అందరూ దాని గురించే అడిగారు. ఆయన ఓపిగ్గా విని, "ఇంకో ఇరవై కెమెరాలు పెట్టిద్దామమ్మా, ఇక మీకు టెన్షన్ ఉండదు" అన్నారు. హాలంతా చప్పట్లు. ఇంటికి నడిచి వస్తుంటే నాకు అనుమానం మొదలైంది. గొలుసు పోయిన సందులో కెమెరా ఉంది కదా!

గొలుసు పోయిన రాత్రి రికార్డింగు అత్తయ్యగారితో పాటు స్టేషన్‌కి వెళ్ళి నేనూ చూశాను. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కనిపించారు. బండి హెడ్‌లైటు వెలుగు తెరంతా కమ్మేసింది. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట తెల్లటి మరక. ఇందులో కెమెరా తప్పేం లేదు. అదే స్తంభానికి పైనున్న దీపం కానుగ చెట్టు కొమ్మల్లో మునిగిపోయింది. వెలుతురంతా ఆకుల మీదే ఆగిపోతుంది, కింద రోడ్డు మీద మనిషి మొహం ఆనవాలు పట్టలేం.

కెమెరాలు వద్దని నేను అనడం లేదు. హైదరాబాద్‌లో "నేను సైతం" పేరుతో కాలనీలవాళ్ళు తలా కొంత వేసుకుని పెట్టించుకున్న కెమెరాలు కేసులు తేల్చడానికి పనికొచ్చాయి. జనం ఎక్కువగా వచ్చే షాపులు, హాళ్ళు, బడులు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు దాచాలని 2013లోనే చట్టం వచ్చింది. దొంగ ఎటు పోయాడో తెలుసుకోవడానికి అవి కావాలి. కానీ నేరం జరక్కుండా ఆపుతాయా అంటే అంత గట్టిగా చెప్పలేం. 40 ఏళ్ళ అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని అందులో తేలింది. బాగా పనిచేసింది కార్ పార్కింగుల్లో. కొట్లాటలు, దాడుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా పెట్టినరోజు ఉన్న ఉత్సాహం ఏడాది తర్వాత ఉండదు. కోతి వైరు తెంపితే బాగు చేయించేదెవరు, హార్డ్ డిస్కు పోతే డబ్బు కట్టేదెవరు అన్న దగ్గర చాలా కాలనీలు ఆగిపోతాయి.

దీపం సంగతి వేరు. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాలు కొన్నింటిని లాటరీ వేసినట్టు ఎంచి, అక్కడ పెద్ద లైట్లు పెట్టి ఆరు నెలలు చూశారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి. మా సందులో కూడా అంతే తగ్గుతాయని నేను అనను. కానీ వెలుతురు ఉంటే ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల ఆ దారినే వస్తుంది, బజ్జీల బండాయన తొమ్మిదిన్నర దాకా ఉంటాడు, పెద్దవాళ్ళు గేటు ముందు కుర్చీ వేసుకుంటారు. వీధిని కనిపెట్టి ఉండేది వీళ్ళే.

ఇక బీటు, అంటే పోలీసు గస్తీ. మా హనుమంతుడి గుడి గోడకు చిన్న పెట్టె ఉంది, అందులో బీటు పుస్తకం. కానిస్టేబుల్ వచ్చి టైము వేసి సంతకం చేస్తాడు. పూజారి గారినడిగి నేను తిరగేశాను. సంతకాలన్నీ అర్ధరాత్రి దాటాక చేసినవే. గొలుసు పోయింది ఏడున్నరకి! పోలీసు తిరగడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు తిరుగుతున్నాడు, ఎలా తిరుగుతున్నాడు అన్నదీ అంతే ముఖ్యం. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో పోలీసు కార్ల గస్తీని కొన్నిచోట్ల పెంచి, కొన్నిచోట్ల తీసేసి చూస్తే నేరాల్లో పెద్ద తేడా రాలేదు. 2009లో ఫిలడెల్ఫియాలో నేరాలు ఎక్కువగా జరిగే 60 చోట్ల పోలీసులను నడిపిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. బైకు మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ పోలీసుల బండి సైరన్ వేసుకుంటూ మెయిన్ రోడ్డు మీద పోతే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ సందులో దిగి పాన్ డబ్బా దగ్గర రెండు నిమిషాలు నిలబడే కానిస్టేబుల్‌కి తెలిసే విషయాలు బండి మీద పోయేవాళ్ళకి తెలియవు.

మరి కార్పొరేటర్ గారిని ఏమడగాలి? ముందు ఆయన చేతిలో ఏముందో చూడాలి. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ పోలీసు బడ్జెట్‌కి ఓటేసేది సిటీ కౌన్సిలే. 2020లో దాదాపు మూడో వంతు బడ్జెట్‌ని పోలీసు నుంచి తప్పించడానికి ఓటేశారు. మరుసటి ఏడాది రాష్ట్రం అలా కోసే పెద్ద నగరాలను శిక్షించే చట్టం చేసింది, డబ్బు తిరిగి పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర ఆ ప్రశ్నే లేదు. పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది, అంటే రాష్ట్ర ప్రభుత్వం చేతిలోది, ఒక కానిస్టేబుల్ డ్యూటీ టైము మార్చే అధికారం కూడా కార్పొరేటర్‌కి లేదు, అడగగలరు అంతే. వీధి దీపాలు మాత్రం రాజ్యాంగం 12వ షెడ్యూల్లో నగరపాలక సంస్థల పనుల కింద పేరుతో సహా ఉన్నాయి. అంటే ఎవరి అనుమతీ అడగకుండా ఆయన వెంటపడి చేయించగల పని అదే. ఆయన కెమెరాల మాట ఎత్తినప్పుడు నాకు బాధ కలిగింది అందుకే.

నన్నడిగితే ముందు దీపం, తర్వాత సాయంత్రం ఏడు నుంచి పది దాకా కాలినడక బీటు, ఆ తర్వాతే కెమెరా. అదీ ఇరవై కాదు, కాలనీలోకి వచ్చే రెండు దారుల దగ్గర నంబరు ప్లేటు స్పష్టంగా పట్టే మంచివి రెండు చాలు. ఇదే కాగితం మీద రాసి, రోడ్డు మీద వెలుగు పడని మూడు స్తంభాల నంబర్లు వేసి, ఇరవై ఇళ్ళ సంతకాలతో ఆయనకి ఇచ్చాం. బీటు టైము కోసం తానే ఇన్‌స్పెక్టర్ గారితో మాట్లాడతానన్నారు.

రెండు దీపాలు వెలిగాయి. మూడోది కానుగ చెట్టు దగ్గరిది, కొమ్మలు కొట్టే బండి ఇంకా రాలేదు. అత్తయ్యగారు ఇప్పటికీ చీకటి పడితే గుడికి వెళ్ళడం లేదు.