పద్మాక్షి గుట్ట వద్ద సద్దుల బతుకమ్మ

ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదవ రోజు సద్దులతో ముగిసే బతుకమ్మ పండుగను కుటుంబమంతా కలిసి చూడదలచినవారికి హనుమకొండలోని పద్మాక్షి గుట్ట కన్నా మంచి చోటు నాకు తోచదు. తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగా పేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపి తెచ్చిన బతుకమ్మల చుట్టూ అమ్మమ్మల నుంచి మనుమరాళ్ల దాకా వలయంగా తిరుగుతూ, ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు చప్పట్లతో అందుకుంటుంటే, అక్కడ ప్రేక్షకులనేవారు వేరుగా మిగలరు. డీజే హోరు పెట్టే వేడుకలలో ఈ పాటలే వినిపించవు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లోపం లేదు. నిమజ్జనం తరువాత పంచుకునే సత్తుపిండి, మలీద పిల్లలకు ఎలాగూ నచ్చుతాయి. వృద్ధులతో వెళ్లేవారు చీకటి పడకముందే చేరుకొని, గుండం (కోనేరు) గట్టుకు కొంచెం దూరంగా చోటు చూసుకోవడం మేలు. గుట్టమీది జైన శిల్పాలను మాత్రం మరొక రోజు తీరికగా చూడాలి.