ఎండ్యూరెన్స్ గుర్రపు స్వారీ: గెలవడానికి వెళ్లాలా, గట్టెక్కడానికా? ఏది మేలు?

మలక్‌పేట రేస్‌కోర్సులో పందెం రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. ఎండ్యూరెన్స్, అంటే గుర్రంపై దూరదారి పోటీ, అలా కాదు. అందులో అంతర్జాతీయ స్థాయి పోటీ 100 కిలోమీటర్ల దగ్గర మొదలై 160 దాకా పోతుంది. అక్కడి లెక్క ఇక్కడ వేస్తే బోల్తా పడతారు.

కిటుకంతా గడియారంలో ఉంది. దారిని లూపులుగా, అంటే చుట్లుగా విడగొడతారు. మధ్య లూపుల్లో ముగింపు గీత దాటగానే గడియారం ఆగదు. గుర్రాన్ని చల్లబరిచి వెట్ గేట్‌లోకి, అంటే పశువైద్యులు తనిఖీ చేసే చోటికి, నడిపించాకే ఆగుతుంది. అక్కడ గుండె నిమిషానికి 64కి మించి కొట్టుకోకూడదు, గడువు 15 నిమిషాలు. ఒకరు 20 కిలోమీటర్ల లూపును గంటకు 20 కి.మీ. వేగంతో 60 నిమిషాల్లో ముగించారనుకోండి. గుర్రం 64కి దిగడానికి 13 నిమిషాలు పడితే మొత్తం 73. ఇంకొకరు 18తో వచ్చారు: 66 నిమిషాల 40 సెకన్లు. మూడు నిమిషాల్లో గుండె దిగింది. మొత్తం 70 కూడా కాలేదు. మెల్లగా వచ్చినవారే ముందున్నారు, పైగా వారి గుర్రంలో ఇంకా సత్తువ ఉంది.

చివరి లూపు వేరు. అక్కడ గీత దగ్గరే సమయం ఆగుతుంది, 64కి రావడానికి 20 నిమిషాలిస్తారు. పోటీ పడాలంటే అదే చోటు. అయినా ముందొచ్చిన గుర్రం తనిఖీలో ట్రాట్ (జోరు నడక) చేయించినప్పుడు కుంటితే ఫలితం సున్నా.

అందుకే అమెరికా రైడర్లు ‘పూర్తి చేయడమే గెలుపు’ అంటారు. అక్కడ 1955లో మొదలైన టెవిస్ కప్‌లో 100 మైళ్లకు 24 గంటల గడువు. మొదటి పదిమందిలో ఎవరి గుర్రం బాగా నిలిచిందో చూసి హాగిన్ కప్ విడిగా ఇస్తారు. మా ఓటు ఆ కప్పుకే.

అలాగని నత్తనడకా మేలు కాదు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి దాటితే తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ గుర్రం మనిషి బరువుతో అంతసేపూ ఎండలోనే ఉంటుంది. వేడిలో కష్టపడే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట కారుస్తుంది. దాని చెమటలో మన చెమటకంటే ఉప్పెక్కువ. నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గినా దాహం వేయదు. బకెట్ ముందుపెడితే మూతి తిప్పేసుకుంటుంది, మనమేమో ‘దాహం లేదులే’ అనుకుంటాం. దారిలో నీళ్లు కనబడ్డ ప్రతిచోటా ఆపాలి. ఎలక్ట్రోలైట్లు, అంటే లవణాలు, గుర్రం నీళ్లు తాగిన తర్వాతే ఇవ్వాలి, తాగని గుర్రానికి పట్టిస్తే ఇంకా ఎండిపోతుంది.

రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (పందెపు జాతి గుర్రం) ఎక్కేవారికి ఇంకో తంటా. పక్కన గుర్రం కదిలితే చాలు, కళ్లెం లాక్కుని ఉరుకుతుంది. దాన్ని మొదటి లూపులో గుంపుకు దూరంగా, వెనక నుంచి తీసుకెళ్లాలి.

మా లెక్క ఇది: మొదటి రెండు సీజన్లు 40, 60 కిలోమీటర్లలో గట్టెక్కడమే గురి. తర్వాత పోటీకి దిగినా నిర్ణయం చివరి గేట్‌లోనే. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోప్ పెట్టి 15 సెకన్లు లెక్కించండి. 16 అంటే సరిగ్గా 64. ఐదు నిమిషాల్లోపు అంతకు దిగి, చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొచ్చి, డొక్కల్లో రెండువైపులా పేగుల చప్పుడు వినబడి, మేత ఆబగా తింటుంటే చివరి ఐదు కిలోమీటర్లు క్యాంటర్‌కు (మెల్లని దౌడుకు) వదలొచ్చు. ఎనిమిది నిమిషాలకూ 17 దగ్గరే ఆగిందా, తర్వాత గడువులోగా 64కి దిగినా ఆ రోజుకు ట్రాట్‌తోనే ఇంటికి రండి.