పది లీటర్ల కుక్కర్ మంచిదే, పేచీ అంతా రబ్బరుతోనే

కుక్కర్ కొనేవాళ్ళు లీటర్లు చూస్తారు, అడుగు మందం చూస్తారు, పిడి గట్టిగా ఉందా లేదా అని రెండుసార్లు ఊపి చూస్తారు. మూత లోపలి రబ్బరు సంగతి ఎవరూ అడగరు. నెలకు రెండు ఆదివారాలు, 10 నుంచి 14 మంది స్నేహితులకు, నాలుగున్నరేళ్ళుగా వండుతున్న 10 లీటర్ల అల్యూమినియం కుక్కర్ ఇది, బయటి మూతది. ఇందులో అన్నం నేరుగా వండుకోవచ్చని, మూడు గిన్నెలు పెట్టి వంటంతా ఒకే విడతలో కానివ్వొచ్చని మొదట్లో నేనే పొగిడాను. దీని గురించి ఇప్పుడు చెప్పమంటే ముప్పాతిక భాగం ఆ రబ్బరు గురించే చెప్పాల్సి వస్తుంది.

3 లీటర్లది, 5 లీటర్లది అయితే రబ్బరు వీధి చివర కిరాణా కొట్లో కూడా మేకుకు వేలాడుతూ ఉంటుంది. 10 లీటర్లది స్టీలు సామాన్ల కొట్లో అడిగినా "తెప్పించాలండీ, రెండు రోజులాగండి" అంటారు. లీటర్లు చెప్పి తెచ్చుకుంటే సరిపోతుందన్న భరోసా కూడా లేదు. ఒకే కంపెనీలో ఒకే లీటర్లకు వెడల్పు రకం, పొడుగు రకం అని రెండుంటాయి, రెండింటి మూతల కొలతా ఒకటి కాదు. పాత రబ్బరు చేతపట్టుకుని వెళ్ళాలి, లేదా మూతనే సంచిలో వేసుకుని వెళ్ళాలి. వేరే కంపెనీ రబ్బరుకు చుట్టుకొలత కుదిరినా మందం కుదరదు. మందం ఎక్కువైతే మూత తిప్పడానికి ఇద్దరు కావాలి. తక్కువైతే మూత సులువుగానే పడుతుంది, ఆవిరి మాత్రం అంచు చుట్టూ బుసకొడుతూ పోతుంది, విజిల్ రాదు.

ఇక ఆ రబ్బరు పోయిన వంట. 14 మందికి పప్పుచారు. కందిపప్పు కిలో, నీళ్ళు 4 లీటర్లు, కిలో టమాటాలు ముక్కలు కోసి అందులోనే. అన్నీ కలిపి 6 లీటర్ల దగ్గరికి వచ్చాయి. మామూలు వంటకైతే కుక్కర్‌ను మూడింట రెండు వంతులు నింపొచ్చు. పప్పు, బియ్యం నురగ కడతాయి కాబట్టి సగం మించకూడదు. ఈ ముక్క కుక్కర్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం అందరిళ్ళలోనూ అట్టపెట్టెతో పాటే అటక ఎక్కుతుంది.

మొదటి విజిల్ బాగానే వచ్చింది. ఆ తర్వాత ఆవిరి గొట్టం మీద కూర్చునే వెయిట్ మూగబోయింది. నురగతో పాటు పైకి లేచిన టమాటా తొక్క ఒకటి ఆవిరి గొట్టంలో అడ్డం పడింది. మంట అలాగే ఉంది, విజిల్ లేదు, వెయిట్ చుట్టూ సన్నగా వినిపించాల్సిన సుయ్యిమనే చప్పుడు కూడా లేదు. అసలు భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికే. పెద్ద కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య చాలాసేపు తీసుకుంటుంది కదా, వస్తుందిలే అనిపిస్తుంది. ఏడెనిమిది నిమిషాలకు మూత అంచున ఒక పక్క నుంచి రబ్బరు బుడగలా బయటికి ఉబ్బింది, అక్కడి నుంచి పప్పు పిచికారీ కొట్టింది. గోడ పలకలు, పక్క పొయ్యి, కింద గచ్చు, అంతా పసుపు.

మూత అంచున సన్నటి కిటికీ లాంటి గాడి ఒకటి ఉంటుంది. అదేదో అందానికి పెట్టారనుకుంటారు చాలామంది. గొట్టం మూసుకుపోతే రబ్బరు ఆ సందులోంచి ఉబ్బి ఆవిరికి దారి ఇవ్వడానికే అది. అంటే ఆ రోజు కుక్కర్ చేయాల్సిన పనే చేసింది, వేడి మితిమీరితే కరిగి ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు దాకా కూడా రానివ్వలేదు. తప్పు సగం దాటి నింపిన చేతిది. పేచీ ఎక్కడంటే, ఒకసారి అలా ఉబ్బిన రబ్బరు ఆ చోట సాగిపోతుంది, మళ్ళీ మూతలో కుదురుగా కూర్చోదు. ఆదివారం మధ్యాహ్నం, జనం వచ్చే వేళ, ఊళ్ళో ఆ సైజు రబ్బరు దొరకదు.

అలాంటప్పుడు పనికొచ్చేది ఒక్కటే, దాన్ని కుక్కర్ అనుకోవడం మానేయడం. వెయిట్ పక్కన పడేసి, మూత బదులు పళ్ళెం బోర్లించి, తపేలాలో వండినట్టే వండాలి. సగం ఉడికిన కిలో పప్పు మెత్తబడటానికి ఇంకో 50 నిమిషాలు పట్టింది. మధ్యలో నీళ్ళు పోయాల్సివస్తే పక్క పొయ్యి మీద మరగబెట్టినవే పోయాలి, చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి ఇంకా ఆలస్యమవుతుంది. రబ్బరు చుట్టూ దారం చుట్టడం, అంచుకు గోధుమపిండి ముద్ద అంటించడం లాంటి చిట్కాలు చెప్పేవాళ్ళుంటారు. ఆవిరి ఒత్తిడి మీద అలాంటి ప్రయోగాలు వద్దు. కేవలం వదులైన రబ్బరునైతే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే బిగుసుకుని ఒక పూట గట్టెక్కిస్తుంది. ఉబ్బి సాగినదానికి అది కూడా పనిచేయదు.

ఆ తర్వాత మారిన పద్ధతి ఇది. మూత పెట్టే ముందు దాన్ని కిటికీ వైపు ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే సూదితో పొడిచి, కుళాయి కింద పట్టాలి. టమాటాలు పప్పులో వేయకూడదు. సగానికి కోసి ఒక చిన్న గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను పప్పులోనే కుదురుగా నిలబెడితే విడిగా ఉడుకుతాయి. తర్వాత తొక్కలు వేళ్ళతో లాగితే ఊడి వస్తాయి, గుజ్జు పప్పులో కలిపేయొచ్చు. దీనితో ఇంకో లాభం: పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు, విడిగా ఉంటే ఆ బెడద లేదు. చింతపండు పులుసు, గోంగూర కూడా పప్పు మెదిపాకే. పప్పు నీళ్ళల్లో చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. పప్పు అరగంట నానాలి. బోరు నీళ్ళు వాడకూడదు. ఉప్పదనం ఉన్న నీళ్ళల్లో ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దలాగే ఉంటుంది, కొత్త పప్పు కొని మరీ కొట్టువాణ్ణి తిట్టుకుంటాం.

రబ్బరు విషయానికే వస్తే, వంట అయ్యాక మూతలోనే వదిలేయకుండా తీసి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వదులుగా పెట్టాలి. మేకుకు తగిలిస్తే తన బరువుకే ఒక చోట సాగుతుంది. ఇలా చూసుకున్న రెండో రబ్బరు దాదాపు రెండేళ్ళు వచ్చింది. మూతలోనే వదిలేసిన మొదటిది ఏడాదికే అంచులు గట్టిపడి పగుళ్ళిచ్చింది. ఆ పప్పుచారు నాటికి దాని పని సగం అయిపోయినట్టే.

విజిల్స్ లెక్క గురించి ఒక మాట. 3 లీటర్ల కుక్కర్ అలవాటుతో "పప్పుకు నాలుగు, అన్నానికి మూడు" అని లెక్కపెడితే పది లీటర్లలో అన్నం గంజవుతుంది. నిండు సరుకుతో పెద్ద కుక్కర్‌కు మొదటి విజిల్ రావడానికే 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది, ఆపేశాక ఆవిరి దిగడానికి ఇంకో 20 నిమిషాలు. రెండు వైపులా ఉడుకుతూనే ఉంటుంది కదా. అందుకని విజిల్స్ వదిలేసి గడియారం చూడాలి. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి, పప్పుకు 6 నిమిషాలు, నానబెట్టిన బియ్యానికి 2 నిమిషాలు, రాత్రంతా నానిన శనగలకు 15 నిమిషాలు. తర్వాత కట్టేసి ముట్టుకోకూడదు. మూతెత్తాలన్న తొందరలో వెయిట్‌ను చెంచాతో లేపితే పప్పు మళ్ళీ గొట్టంలోకే వస్తుంది.

అన్నం ఇందులో నేరుగా వండటం గురించి మొదట్లో నేను బాగా పొగిడాను. ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గుతున్నాను. మనిషికి 125 గ్రాముల చొప్పున 12 మందికి కిలోన్నర బియ్యం, ఈ కుక్కర్‌కు అదే హద్దు. చిన్న కుక్కర్‌లో గ్లాసుకు రెండు పోసే పాత సోనా మసూరికి ఇక్కడ ఒకటి ముప్పావు గ్లాసులే పోయాలి. బియ్యం మూడింతలైనా ఆవిరైపోయే నీళ్ళు మూడింతలు కావు, ఆ తేడా అంతా అడుగున ముద్దగా తేలుతుంది. నీళ్ళు సరిగ్గా పోసినా అడుగు రెండు వేళ్ళ మందం మెత్తగా, పైన పలుకుగా వస్తుంది, ఎందుకంటే పై బరువంతా అడుగు మీదే. ఆవిరి దిగగానే వెడల్పాటి బేసిన్‌లోకి గుమ్మరించి, అట్లకాడతో అంచుల నుంచి విప్పితే కొంత సర్దుకుంటుంది. పులిహోర కలపాల్సిన రోజు మాత్రం ఇందులో వండను. పెద్ద డేగిసాలో వండి గంజి వారుస్తాను, మెతుకు మెతుకుకు అంటదు.

"అన్నం, పప్పు, కూర మూడు గిన్నెల్లో ఒకే విడత" అన్నది కూడా ఆరేడు మందికే నిజం. పైన పెట్టే గిన్నెలో 600 గ్రాములకు మించి బియ్యం పోస్తే పొంగి కింది పప్పులో పడుతుంది. 12 మందికి ముందు పప్పు, దాన్ని వేరే గిన్నెలోకి వంపి, కడిగి, తర్వాత అన్నం, అలా రెండు విడతలు. మొత్తం గంటన్నర అనుకోవాలి. గిన్నెలు పెట్టినప్పుడు అడుగు నీళ్ళల్లో వాడేసిన నిమ్మచెక్కో చింతపండు పిప్పో వేస్తే అల్యూమినియం నల్లబడదు.

అనుకోని లాభం ఇంకోటి దొరికింది. మూత లేకుండా, లేదా వెయిట్ తీసేసిన మూతతో, ఇది మంచి మందపాటి గిన్నె. బగారన్నం ఇందులో చక్కగా వస్తుంది. నూనె, మసాలా దినుసులు, ఉల్లి, పుదీనా వేగాక ఎసరు పోసి, బియ్యం వేసి, ఎసరు ఇగిరే దశలో కింద పాత పెనం పెట్టి సిమ్‌లో పావుగంట. పెనం తప్పదు. కుక్కర్ అడుగు పొయ్యి చుట్టు కంటే వెడల్పు, మంట నడిమధ్యే తగిలి అక్కడ గుండ్రంగా మాడుతుంది. కోడిగుడ్డు పులుసుకూ అంతే: 18 గుడ్లు, ముప్పావు కిలో ఉల్లిపాయలు, 75 గ్రాముల చింతపండు, చిన్న బెల్లం ముక్క. పులుసు ఉడికినంత సేపే అల్యూమినియంలో ఉంచి, కాగానే స్టీలు గిన్నెలోకి మార్చాలి, పులుపు లోహాన్ని తింటుంది. నలుగురి కొలతను మూడుతో హెచ్చవేసేటప్పుడు ఉప్పు, కారం, తాలింపు నూనె రెండింతల దగ్గరే ఆపి, రుచి చూసి పెంచుకోవాలి. మూడింతలూ ఒకేసారి వేసి మజ్జిగతో సర్దిన సందర్భాలున్నాయి.

ఖర్చు సంగతి. కిలోన్నర బియ్యం, 600 గ్రాముల కందిపప్పు, 18 గుడ్లు, కూరగాయలు, లీటరు పెరుగు, అప్పడాలు కలిపి మా వైపు కొట్టు ధరల్లో 12 మందికి ఆరేడు వందల్లో తేలుతుంది, మనిషికి యాభై, అరవై. కోడికూర చేరిస్తే లెక్క మారిపోతుంది. కాబట్టి నెలకు రెండుసార్లలో ఒకసారి పప్పు, గుడ్డు, ఇంకోసారి కోడి అని పెట్టుకుంటే ఎవరి మీదా బరువు పడదు.

కొనాలా అంటే, ఇల్లు చూసి చెప్పాలి. మా పొయ్యికి మూడు బర్నర్లు, అందులో ఒకటి పెద్దది. రెండు బర్నర్ల పొయ్యి మీద ఇది పెడితే పక్క దాని మీద పాల గిన్నె కూడా పట్టదు. సింకు చిన్నదైతే కుళాయి కింద దూరదు, బయట కూర్చుని తోమాలి. నిండు పప్పుతో ఎత్తాలంటే రెండు పిడుల వైపూ చేతులుండాలి, నడుం నొప్పి ఉన్నవాళ్ళ ఇంట్లో ఎత్తే మనిషి ఇంకొకరుండాలి. ఎనిమిది మంది లోపు జనమైతే 5 లీటర్లది, 3 లీటర్లది రెండు పక్కపక్కన పెట్టుకోవడమే సుఖం, పైగా వాటి రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఇరవై దాటితే టెంట్ హౌస్ నుంచి డేగిసా అద్దెకు తెచ్చుకోవడమే నయం. పది నుంచి పద్నాలుగు మంది, పప్పు అన్నం ఇష్టపడే జనం, నెలకు రెండుసార్లయినా కూడేవాళ్ళయితే దీన్ని కొనొద్దని చెప్పలేను. కొన్న రోజే అదే కొట్లో, అదే మూతకు పెట్టి తిప్పి చూసి, ఇంకో రెండు రబ్బర్లు తీసుకోండి. మా అలమరలో ప్రస్తుతం ఒకటే ఉంది, రెండోదానికి చెప్పి మూడు వారాలైంది, ఇంకా రాలేదు.